గేటు మొరిగిన ఉదంతంపై విచారణ ఎప్పుడు?

రష్యన్ పల్లెల్లో పసిపిల్లల చేత తరతరాలుగా వల్లె వేయిస్తున్న ఒక పాటపై ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ సమగ్ర విచారణ జరిపించకపోవడం శోచనీయం. రైతు పక్కనుంచి ఊరు బండెక్కి వెళుతోందట. అంతలో కుక్క కిందినుంచి గేటు మొరిగిందట. ఊరే తరలిపోతే పొలాల సరిహద్దులు ఎవరు తేలుస్తారు, మొరిగే పని గేటు చేస్తే ఆ పూట ముద్ద కుక్కకు వేయాలా, గేటుకు వేయాలా వంటి మౌలిక ప్రశ్నలకు ఆ పాటలో జవాబు లేదు.

పెద్దలు పూర్తిగా నిద్రపోయారని కూడా అనలేం. 1928 ఫిబ్రవరి 1న ‘ప్రావ్దా’ పత్రికలో పిల్లల రచయిత కొర్నేయ్ చుకోవ్‌స్కీ రాసిన మొసలి గేయకథను లెనిన్ సతీమణి క్రూప్‌స్కాయా ఏకిపారేశారు. మొసలి ఎలా బతుకుతుందో చెప్పకుండా పిల్లలకు నమ్మశక్యం కాని పిచ్చివాగుడు వినిపిస్తున్నారన్నది ఆమె అభియోగాల్లో ఒకటి. వీధిలో సిగరెట్టు కాలుస్తూ టర్కీ భాష మాట్లాడే మొసలిని చూసి మురిసిపోయి, అది ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుందో తెలుసుకోలేకపోయిన ఆ బాలల గతి తలచుకుంటే ఎవరికైనా గుండె తరుక్కుపోతుంది. మరుసటి నెలలోనే గోర్కీ అదే పత్రికలో చుకోవ్‌స్కీని వెనకేసుకొచ్చారు. రచయితలకు రచయితలే దిక్కు కదా.

మొరిగేది కుక్కేనని రూఢిగా తెలిసిన పిల్లకే గేటు మొరిగితే నవ్వొస్తుందని, కాబట్టి ఇటువంటి తలకిందుల పాటలు పిల్లల లోకజ్ఞానాన్ని గట్టిపరుస్తాయని చుకోవ్‌స్కీ వాదన. ఇది ప్రమాదకరమైన వాదన. దీన్ని ఒప్పుకుంటే, నవ్వు రాని పెద్దలందరూ ఆ పరీక్షలో తప్పినట్టు తేలుతుంది. అటువంటి ఫలితాలు బయటపెట్టడం ప్రజాహితం కాదు.

ఉజ్బెకుల విషయంలో నా అభ్యంతరం వేరు. వాళ్ల కథలు ‘ఉన్నారట, లేరట, ఆకలితో ఉన్నారట, కడుపు నిండి ఉన్నారట’ అని మొదలై, తోడేలును వంటశాల అధికారిగా, నక్కను బంట్రోతుగా, పిచ్చుకను చాడీలకోరుగా, తాబేలును తరాజు పట్టేవాడిగా నియమించేస్తాయి. కప్ప ఆ తాబేలుకు బాకీ. ఊదడానికి పెద్దబాతు బాకా, చిన్నబాతు సన్నాయి ఎటూ ఉన్నాయి. ఇందులో అసంబద్ధత ఎక్కడుందో నాకు బోధపడలేదు. మాంసం తోడేలు చేతిలో ఉండటం, తూకం వేసేవాడికే బక్కజీవి అప్పుపడటం, పైన మంగళవాద్యాలు మోగుతూ ఉండటం ఏ రాజ్యంలో జరగని పని? ఇంత పకడ్బందీ పాలనా నివేదికను పిల్లల సాహిత్యంలో పెట్టి పరువు తీయకుండా, గ్రంథాలయాల్లో వెంటనే రాజనీతిశాస్త్ర విభాగానికి మార్చాలని నా డిమాండు. మార్చే సంగతి మాత్రం పిచ్చుకకు ముందుగా తెలియనివ్వకూడదు.