కౌల్ వాల్వ్ నీలి లైటు గారికి

లైటు గారూ, నమస్తే.

హన్మకొండ నుంచి రాస్తున్నా. మే నెల మధ్యాహ్నం, బయట 43 డిగ్రీలు, కూలర్‌లో నీళ్లయిపోయి ఉత్త గాలి కొడుతోంది, నేనేమో కంప్యూటర్ సిమ్యులేటర్‌లో బోయింగ్ 737 ఇంజన్‌కు మంచు పట్టకుండా స్విచ్ వేస్తున్నా. వెనక నిలబడ్డ అమ్మ, "గా లైటెందుకు బిడ్డా?" అంది.

ఏం చెప్పమంటారు? స్విచ్ వేయగానే, ఇంజన్ మూతికి (కౌల్) వేడి గాలి వదిలే వాల్వ్ ఇంకా కదులుతుండగానే ధగధగా వెలుగుతారు. అది పూర్తిగా తెరుచుకుని, కంప్రెసర్ నుంచి వేడి గాలి ఇంజన్ మూతి అంచుకు పోతుంటే అప్పుడు మసకబారతారు. మా దగ్గర శంకుస్థాపనలూ ఇంతే, ముందు ధగధగ, తర్వాత మసక. కాకపోతే మీ దగ్గర తర్వాత పని జరుగుతుంది. మీ ధగధగ తగ్గకపోతేనే వాల్వ్ ఇరుక్కుందని అనుమానించాలి.

అసలు బాధ అది కాదు. మీరు చెప్పేది వాల్వ్ సంగతే, మంచు ఉందా, కరిగిందా అంటే మీకు పట్టదు. మా అమ్మ ఫ్రీజర్‌లో గడ్డకట్టిన ఐసును గరిటె కాడతో పొడిచి, చేత్తో తడిమి చూసి మరీ తలుపేస్తుంది. మీ పద్ధతేమో 10 డిగ్రీలు, అంతకు తక్కువ ఉండి మబ్బో పొగమంచో కనిపిస్తే స్విచ్ వేసేయడం. (10 డిగ్రీలకు ఐసేందని అమ్మ నవ్వింది. ఇంజన్ పీల్చేటప్పుడు మూతి దగ్గర గాలి ఇంకా చల్లబడుతుందంటే నమ్మలేదు.)

వెలగకపోతే మరీ అన్యాయం. అవసరం లేదనా, పైలట్ మర్చిపోయాడనా? 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా 737 మంచు కురుస్తుంటే ఇంజన్ యాంటీ ఐస్ (ఈ స్విచ్చే) వేయకుండానే ఎగిరింది. ప్రెజర్ కొలిచే ప్రోబ్ మంచుతో మూసుకుపోయి, మీటరేమో ఉన్నదానికంటే ఎక్కువ పవర్ చూపించింది. విమానం వంతెనకు తగిలి పోటోమాక్ నదిలో పడింది, వంతెన మీది నలుగురితో కలిపి 78 మంది పోయారు.

వేసి మర్చిపోయినా తంటానే. మీ తర్వాతి తరం మ్యాక్స్‌లో పొడి గాలిలో 5 నిమిషాలకు మించి వేసి ఉంచొద్దని, ఇంజన్ మూతి వేడెక్కి దెబ్బతినొచ్చని 2023లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఆదేశమిచ్చింది. గుర్తుపెట్టుకుని తీసేయాల్సింది పైలటే.

నేనూ అంతే. శంషాబాద్ ఎండలో దిగి, విమానం పార్క్ చేశాక కూడా మీరు మసగ్గా వెలుగుతూనే ఉన్నారు, నేను చూడనేలేదు. కూలర్‌లో పోయడానికి బిందె తెచ్చిన అమ్మే చూసింది.

"గా లైటు బందు చెయ్యరాదు? కరెంటు బిల్లెవరు కడ్తరు?"