మూడు కుప్పల శాస్త్రం

మా పరిచయస్థుల్లో ఒకాయన కత్తులు సేకరిస్తారు. వంటింట్లో ఆయన చాకుకు టమాటా కూడా తెగదు, ఆ సంగతి ఎత్తకూడదు. ఏటా ఒకసారి హాల్లో తివాచీ పరిచి, సేకరణంతా బయటపెట్టి మూడు కుప్పలుగా విడదీస్తారు: ఉంచుకునేవి, బాగుచేయించేవి, అమ్మేవి. పెళ్లిచూపుల్లో పిల్లవాడి మేనమామకు కూడా అంత గాంభీర్యం ఉండదు.

ఈసారి ఆ క్రతువుకు నేనూ సాక్షిని. మొదట చేతికొచ్చింది ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మడతకత్తి. అలకు వెయ్యి చొప్పున లెక్కగట్టినట్టుంది వెల. ‘డమాస్కస్’ అన్నారు, కళ్లు అరమోడ్చి. ఒంటి మీద అలలు తేలే పేరుమోసిన పాత కత్తుల పేరది. రెండు రకాల ఉక్కు రేకులను పొరలుగా పేర్చి, కాల్చి అతికి, చివర ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే ఒకటి నల్లబడుతుంది, నికెల్ కలిసినది మెరుస్తుంది. అలలంటే అవే. 1973లో విలియం మోరన్ అనే అమెరికన్ కత్తుల తయారీదారు అలాంటివి ప్రదర్శనకు పెట్టాకే ఈ పనికి మళ్లీ గిరాకీ వచ్చింది. మంచి పనే, కాదనను. కానీ పాత డమాస్కస్ కత్తుల ఉక్కు ఇది కాదు. అయినా మఖమల్ పెట్టె దీనికే దక్కింది.

తరువాత వచ్చింది పాత బాకు. వాళ్ల తాతగారి ఊళ్లో అటక మీద దొరికిందట. ఒర లేదు, పిడి ఊగుతోంది, మొన కాస్త వంగింది. కిరసనాయిలు గుడ్డతో ఒకచోట తుడిస్తే తుప్పు కింద సన్నటి నీటిచారలు కనిపించాయి. పైన పూసినవి కావు, ఉక్కులోనే కార్బైడ్లు, అంటే ఇనుము, కర్బనం కలిసిన గట్టి రేణువులు, బారులు తీరి ఏర్పడినవి. అసలు డమాస్కస్ గుర్తు అదే. ‘కాస్త చూడండి’ అన్నాను. ఆయన చూసింది తుప్పు. బాకు రెండో కుప్పలో పడింది.

బాగుచేసే నిపుణుడు వంపు తీయడానికి దాన్ని కొలిమిలో పెట్టి నిమ్మపండు రంగు తిరిగేదాకా కాల్చాడు. ఆ వేడికి కార్బైడ్లు కరిగిపోతాయి, వాటితోపాటే చారలూ. ఆపైన సమ్మెట దెబ్బలు, మెరుగుపెట్టే చక్రం, నెమలి బొమ్మతో కొత్త ఇత్తడి పిడి. తిరిగొచ్చిన బాకులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ‘ఏ ప్రత్యేకతా లేదు’ అని పెదవి విరిచి మూడో కుప్పలోకి తోశారు.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టిమూసల్లో ఇనుము కరిగించి ఇలాంటి చారలు తేలే ఉక్కు ముద్దలు తీసేవారు. వాటి కోసం పారశీక వర్తకులు ఆ పల్లెకు వచ్చి మకాం వేసేవారు. ఆ పని చూసి వాయ్సీ అనే ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త రాసిన వివరం 1832లో అచ్చయింది. అంతకుముందే, 17వ శతాబ్దంలో, డమాస్కస్ పనికి తగిన ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచి వస్తుందని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఆ కొలిముల ముందు ఒళ్లు కాల్చుకున్న కమ్మరుల్లో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం. చెప్పలేం. పోనీ, వాళ్ల చేతిపని మన ఒళ్లోకే వచ్చి పడినప్పుడైనా ఒక్క నిమిషం వంగి చూడలేమా? తెలియకపోవడం తప్పు కాదు. చూడమన్నా చూడకుండా, డబ్బిచ్చి మరీ చెరిపించడానికి ఎంత పొగరుండాలి!

వందేళ్లు దాటిన వస్తువైతే అది 1972 చట్టం ప్రకారం పురావస్తువని, అలాంటివాటితో వ్యాపారానికి లైసెన్సు కావాలని, దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధమని గుర్తుచేశాను. ఆయన జంకలేదు. ‘ఇప్పుడు కొత్తదానిలా ఉందిగా, ఎవరు కనిపెడతారు?’ అన్నారు. బాగుచేయించడంలో ఇంత దూరదృష్టి ఉందని నాకు తట్టనేలేదు.

కొనడానికి వచ్చినవాడికి మాత్రం బాకు బోసిగా కనిపించిందట. లేజరుతో నాలుగు అలలు గీయించి డమాస్కస్ అంటే మంచి ధర పలుకుతుందని సలహా ఇచ్చి వెళ్లాడు. ఆయనిప్పుడు నమూనాల కాగితాలు ముందేసుకుని, నీటి అలలా నెమలి ఈకలా అని తేల్చుకోలేక సతమతమవుతున్నారు.