జవానుకు జై, పిల్లనిమ్మంటే నై

కడప జిల్లాలో దేశభక్తికి కొదవ లేదు. ఈ మాట ఊరికే అనడం లేదు. ఆగస్టు 14 రాత్రి ఎవరి ఫోన్ తెరిచి చూసినా మంచుకొండ మీద తుపాకీ పట్టుకుని నిలబడిన జవాను కనిపిస్తాడు. ఆయన అక్కడ మేలుకుని ఉన్నాడు కాబట్టే మనం ఇక్కడ హాయిగా పడుకుంటున్నామని కింద రాసి ఉంటుంది. అది చదివి, ఒక దండం ఎమోజీ పెట్టి, మా వాళ్లు హాయిగా పడుకుంటారు. చెప్పిన మాట మీద నిలబడే జనం.

ఇంత గౌరవం అందుకుంటున్న మనిషికి సమాజంలో అసలు విలువ ఎంతో ఎవరో ఒకరు లెక్క తేల్చాలి. ఆ బాధ్యత నేను తీసుకున్నాను. టీవీ చర్చలు, స్కూలు వార్షికోత్సవంలో పిల్లలకు వేసే మిలిటరీ డ్రెస్సులు ఈ లెక్కకు పనికిరావు. వాటిలో ఎవరి డబ్బూ, ఎవరి కూతురూ ఇరుక్కుని ఉండరు కదా. మనిషికి నిక్కచ్చిగా ధర కట్టే వ్యవస్థ మా సీమలో ఒక్కటే ఉంది. అది పెళ్లి సంబంధాల వ్యవస్థ. షేర్ మార్కెట్ పడినా లేచినా అక్కడి సూచీ మాత్రం అబద్ధం చెప్పదు.

ఆ సూచీలో పై మెట్టు అమెరికా సాఫ్ట్‌వేర్. దాని కింద బెంగళూరు సాఫ్ట్‌వేర్. తర్వాత ప్రభుత్వ టీచరు, బ్యాంకు ఉద్యోగి, సచివాలయం ఉద్యోగి, కాంట్రాక్టులు చేసే అన్న వెనకాల తిరిగే తమ్ముడు. ఇంకా దిగితే సొంత ట్రాక్టరు ఉన్నవాడు. ఆ తర్వాత గానీ జవాను రాడు. జవాను కన్నా ట్రాక్టరు పైన ఎందుకుందని ఒక మధ్యవర్తిని అడిగితే నా వైపు జాలిగా చూశాడు. "ట్రాక్టరు సాయంత్రానికి ఇంటికొస్తాది గదన్నా" అన్నాడు. పరిశోధన అంటే ఇలాంటి చోటనే ముందుకు కదులుతుంది.

సంబంధం మాట్లాడే తీరు కూడా రాసి పెట్టుకున్నాను.

"పిల్లోడు ఏం జేస్తాడు?"

"ఆర్మీలో ఉండాడు మామా."

"అబ్బ, శానా మంచిది. దేశసేవ. యాడ పోస్టింగు?"

"జమ్మూ సైడు."

"జమ్మూనా... సికింద్రాబాద్‌లో గుమాస్తా పని మాదిరి ఏమన్నా ఇయ్యరంటనా?"

అంతే. మళ్లీ ఫోన్ రాదు. ఇక్కడ పిల్ల తండ్రి తప్పేమీ లేదని నా వాదన. సరిహద్దు కాపలా ఉండాల్సిందేనన్న విషయంలో ఆయనకు రెండో అభిప్రాయం లేదు. కాపలా కాసేవాడు పక్కింటివాళ్ల అల్లుడైతే బాగుంటుందన్నది ఒక్కటే ఆయన సవరణ.

2022 జూన్ 14న కేంద్రం సైన్యంలో భర్తీకి అగ్నిపథ్ పథకం ప్రకటించాక ఈ రంగంలో గణితం కూడా ప్రవేశించింది. అందులో చేరినవాడి పేరు అగ్నివీరుడు. నాలుగేళ్ల సర్వీసు. ఆ తర్వాత వందలో 25 మందికి మించి పర్మినెంట్ చేయరు. మిగిలినవాళ్లు సుమారు 11 లక్షల 71 వేల సేవానిధి తీసుకుని ఇంటికి రావాలి, పెన్షన్ ఉండదు. అంటే మా మధ్యవర్తుల లెక్కలో అగ్నివీరుడు పావు వంతు పెళ్లికొడుకు. నలుగురు అగ్నివీరులను వరసగా కూర్చోబెట్టి, వీళ్లలో ఎవరు మిగులుతారో చెప్పమంటే జాతకాలు చూసే అయ్యవారు కూడా చేతులెత్తేశాడు. "నాలుగేండ్లు ఆగి సూద్దాం లేప్పా" అన్నది ఇప్పుడు చెల్లుబాటులో ఉన్న జవాబు. 11 లక్షల 71 వేలకు ప్రొద్దుటూరు అంగళ్లలో ఎంత బంగారం వస్తుందో, అందులో తరుగు ఎంత పోతుందో మాత్రం పెద్దలు నోటిలెక్కగా చెప్పేస్తున్నారు.

మరి ఎవరు వెళ్తున్నారు? కడపలో ఆర్మీ భర్తీ ర్యాలీ జరిగితే అర్ధరాత్రి స్టేడియం దగ్గరికి వెళ్లి చూడండి. కర్నూలు, అనంతపురం పల్లెల నుంచి వచ్చిన పిల్లలు బ్యాగు తలకింద పెట్టుకుని రోడ్డు పక్కన పడుకుని ఉంటారు. వాన రాక శనక్కాయ పోయిన ఏడాది క్యూ ఇంకొంచెం పొడుగ్గా ఉంటుందని నా అనుమానం. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తితే 60 మార్కులు, బార్ పట్టుకుని 10 పుల్లప్‌లు తీస్తే 40. ఆరు నెలలుగా తెల్లవారుజామున బైపాస్ మీద వీళ్లు పరిగెడుతుంటే, "రోడ్డుకడ్డం ఏందిరా" అని హారన్ కొట్టే కార్ల వెనక అద్దం మీద మువ్వన్నెల స్టిక్కర్ ఉండటం నేను స్వయంగా చూశాను.

ఇతర దేశాలు ఈ సమస్యను ఎలా పరిష్కరించుకున్నాయో కూడా చూడాలి కదా. అమెరికాలో 1973లో నిర్బంధ సైనిక సేవ ఆపేశారు. ఇప్పుడు అక్కడ యూనిఫాంలో ఉన్నవాడు కనబడితే మీ సేవకు థాంక్స్ అని చెప్పి, విమానం ముందు ఎక్కనిస్తారు. మన దగ్గర ఆ మర్యాద ఇంకోలా జరుగుతుంది. గుంతకల్లులో నల్ల ట్రంకు పెట్టెతో రైలెక్కిన జవానుకు బాత్రూం తలుపు పక్క చోటు ఎవరూ వివాదం లేకుండా వదిలేస్తారు. కోస్టారికా వాళ్లది మరీ మొండి పద్ధతి. 1948 డిసెంబర్ 1న అధ్యక్షుడి హోదాలో ఉన్న ఫిగెరెస్ సుత్తి తీసుకుని బ్యారక్ గోడ కొట్టి సైన్యాన్నే రద్దు చేశాడు. ఆ బ్యారక్ ఉన్న కోట ఇప్పుడు వాళ్ల జాతీయ మ్యూజియం. మనకు గండికోట ఉంది గానీ, దాని గోడల మీద జరుగుతున్న పని ప్రేమికుల పేర్లు చెక్కడం.

దక్షిణ కొరియా ఉదాహరణ మా ఇళ్లకు బాగా దగ్గరది. ఎందుకంటే కడపలో ఇంటర్ చదివే ఆడపిల్ల గదిలో దేవుడి పటం లేకపోయినా బీటీఎస్ అనే కొరియా పాటల బృందం పోస్టర్ ఉంటుంది. ఆ కుర్రాళ్లు ఏడుగురూ అక్కడ మగవాళ్లకు తప్పనిసరైన సైనిక సేవ బాధ్యత తీర్చుకుని వచ్చినవాళ్లే. వాళ్లలో పెద్దవాడు జిన్ 2022 డిసెంబర్‌లో జుట్టు కత్తిరించుకుని క్యాంపులో చేరాడు. ప్రపంచమంతా ఏడ్చినా ప్రభుత్వం కరగలేదు. అక్కడ సైన్యంలో చేరితే 18 నెలలు. ఫుట్‌బాల్ ఆటగాడు సన్ హ్యూంగ్‌మిన్‌కు మాత్రం 2018 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెలిచినందుకు మినహాయింపు ఇచ్చారు. అయినా మూడు వారాల శిక్షణ తప్పలేదు. మన దగ్గర మినహాయింపుకు పతకం అక్కర్లేదు, బెంగళూరులో అద్దె గది ఉంటే చాలు. కూతురి గోడ మీద సైనిక బాధ్యత తీర్చుకున్న ఏడుగురిని భరిస్తున్న తండ్రి, ఎనిమిదోవాడు గుమ్మంలోకి వచ్చేసరికి ఎందుకు ఉలిక్కిపడతాడన్నది నా పరిశోధనలో తేలని భాగం.

అసలు మనం పుట్టుకతోనే ఇంతా అంటే, అలా అన్నవాడు ఒకడున్నాడు. 1885లో భారత సైన్యాధిపతి అయిన ఫ్రెడరిక్ రాబర్ట్స్, మద్రాసు సిపాయిలు యుద్ధానికి పనికిరారని తేల్చి, ఉత్తరాది వాళ్ల మీద మోజు పడ్డాడు. దొరగారు మా వైపు ఒక్క పంచాయతీ ఎన్నికైనా చూసి ఉంటే తన అభిప్రాయం మార్చుకునేవారేమో. ఆ తర్వాత సినిమావాళ్లు వచ్చి, సీమలో ఊయల్లో పిల్లవాడికి కూడా బాంబు కట్టడం తెలుసని చెప్పారు. దొర ప్రకారం పిరికివాళ్లం, సినిమా ప్రకారం పుట్టు యోధులం. ఈ రెండు సర్టిఫికెట్లూ పెట్టుకుని పాపం మా పిల్లలు ర్యాలీలో ఛాతీ కొలత దగ్గర నిలబడుతున్నారు.

యోధుడికి ఏమివ్వాలో పాలెగాళ్ల కాలానికి స్పష్టత ఉండేది. కొలువు చేసే కట్టుబడివాళ్లకు ఇనాం భూమి ఇచ్చేవారు. 1800లో మా సీమ ఉన్న దత్తమండలాలు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక ఆ కొలువులకు కాలం చెల్లింది, పోనుపోను ఇనాములూ పోయాయి. ఆ కడుపుమంట ఉన్నవాళ్లే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ను ఉరి తీశారు. ఆ చరిత్రకు భయపడో ఏమో, ఇప్పటి ప్రభుత్వాలు మాజీ సైనికుడికి 5 ఎకరాల మెట్ట ఇచ్చే పద్ధతి పెట్టుకున్నాయి. సియాచిన్‌లో మైనస్ 40 డిగ్రీలు తట్టుకున్న సుబేదారు ఆ 5 ఎకరాల కోసం తహసీల్దారు ఆఫీసులో ఒక ఫ్యాన్ కింద వారాల తరబడి కూర్చుంటాడు. పట్టా చేతికి వస్తుంది. భూమి ఎక్కడంటే గుట్ట చూపిస్తారు. గుట్ట ఎక్కి చూస్తే ఎవరో అప్పటికే చుట్టూ కంచె వేసి ఉంటారు. శత్రువు మన భూభాగంలోకి చొరబడితే ఏం చేయాలో ఆయనకు నేర్పారు గానీ, చొరబడినవాడు అధికార పార్టీ అయితే ఏం చేయాలో నేర్పలేదు.

అలాగని మాజీ సైనికుడికి ఊళ్లో ఆదరణ లేదనుకోకండి. మిలిటరీ క్యాంటీన్ కార్డు ఉన్నన్నాళ్లు ఆయనకు శత్రువులుండరు. నెల మొదటి వారంలో యోగక్షేమాలు అడిగేవాళ్లు ఎక్కువ. ఇక మాంసం వండి పెట్టే అంగడికి మిలిటరీ హోటల్ అని బోర్డు కట్టింది మన జనమే. బోటీ కూర పెట్టే చోటుకు సైన్యం పేరు పెట్టుకున్న సమాజం సైన్యాన్ని ప్రేమించడం లేదని ఎవరనగలరు?

ఇన్ని దేశాలూ పరిశీలించాక నాకు స్విట్జర్లాండ్ నచ్చింది. ఆ దేశం రెండు వందల ఏళ్లుగా ఎవరితోనూ యుద్ధం చేయలేదు. అయినా మగవాళ్లకు సైనిక సేవ తప్పనిసరి, తుపాకీ ఇంట్లోనే పెట్టుకోవచ్చు. ఈ తప్పనిసరి సేవ తీసేద్దామా అని 2013లో ఓటింగ్ పెడితే 73 శాతం మంది వద్దన్నారు. నాకు నచ్చింది తుపాకీ కాదు (అది మా జిల్లాకు అలవాటు చేయడం మంచిది కూడా కాదు). ఆరోగ్యం బాగోకనో మరో కారణంతోనో సేవ చేయనివాడు తన ఆదాయంలో 3 శాతం పన్ను కట్టాలి. అదీ నాకు నచ్చిన సంగతి.

ఈ పద్ధతిని స్థానిక అవసరాలకు తగ్గట్టు మార్చి ఒక ముసాయిదా తయారుచేశాను. ఇంట్లో ఎవరూ సైన్యంలో లేకుండా యుద్ధం వెంటనే మొదలుపెట్టాలని కోరేవాళ్లు ఆదాయంలో 3 శాతం కట్టాలి. మంట ఎమోజీ పెడితే దానికి అదనంగా సెస్సు. అణుబాంబు వేసేయమన్నవాళ్లకు విడిగా శ్లాబు. వచ్చిన డబ్బుతో సుబేదారు గుట్ట మీద బోరు వేయించాలి, నీళ్లు పడకపోతే రెండోది. పిల్లను జవానుకిచ్చిన ఇంటికి మాత్రం పూర్తి మినహాయింపు.

ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ కొట్టులో దీన్ని చదివి వినిపించాను. దేశం కోసం ఆ మాత్రం చేయకపోతే ఎట్లా అని అందరూ తలలూపారు. సంతకాలు పెడదామని కాగితం చాపగానే ఇద్దరికి ఫోన్లు వచ్చాయి, ఒకరికి బస్సు టైమైంది. ఒక పెద్దమనిషి ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ముసాయిదా మొత్తం రెండుసార్లు చదివాడు. పెళ్లీడుకొచ్చిన కూతురుందట. "అంతా బాగుండాది గానీ నాయనా, అగ్నివీరుకిస్తే పన్ను మొత్తం మాఫీనా, పావు వంతేనా?" అని అడిగాడు. ఆ క్లాజు ఇంకా రాయాల్సి ఉంది.