ఎర్రపట్టీ గారూ, మా నీలం డ్రమ్ము ఎటు పోయింది?

గౌరవనీయులైన బ్రేకింగ్ న్యూస్ ఎర్రపట్టీ గారికి,

వరంగల్, హంటర్ రోడ్డు పక్క కాలనీ నుంచి ఒక ప్రేక్షకుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. క్షేమం అన్న మాట మీకు ఎందుకూ పనికిరాదని తెలుసు. కానీ ఉత్తరమన్నాక ఆ ముక్క రాయకపోతే బాగుండదు.

మొన్న శనివారం మధ్యాహ్నం మా దగ్గర ఒక వాన పడింది. ఎంత వాన అంటే, మా ఆవిడ మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుని కిందికి దిగేలోపు ఆగిపోయింది. మళ్లీ పైకెక్కి ఆరెయ్యాలా వద్దా అని ఆమె మెట్ల మీద నిలబడి ఆలోచిస్తోంది. సరిగ్గా ఆ సమయానికి తమరు తెర కింద సగం పరుచుకుని "ఓరుగల్లును ముంచెత్తిన వాన! నీట మునిగిన కాలనీలు!" అని వెలుగుతున్నారట. వెనకాల ఆ ఢమఢమ మ్యూజిక్ సరేసరి.

నేను చూడలేదు. చౌరస్తాలో మిర్చి బజ్జీల బండి దగ్గర ఉన్నాను. చినుకు పడగానే వరంగల్ మనిషి చేపట్టే మొదటి సహాయక చర్య అదే కదా. అప్పుడు జమ్మికుంట నుంచి అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, పాణం మంచిగున్నదారా? మీదికెక్కిన్రా లేదా? టీవీల సూపెడుతున్నరు, మీ ఇంటి దగ్గర ఏరు పోతున్నట్టు పోతున్నయి నీళ్లు!"

నా నోట్లో అప్పుడే నూనెలోంచి తీసిన బజ్జీ. మింగలేను, ఉమ్మలేను. "హా... అహా... హూ" అన్నాను. నీళ్లు మింగుతున్నాననుకుంది అక్క. పెద్దగా అరిచింది. ఫోన్ కట్టయింది. తర్వాత ఆమెకు కలవలేదు, ఎందుకంటే మా చుట్టాలంతా ఒకేసారి నాకు ఫోన్ చేస్తున్నారు. హైదరాబాద్ నుంచి ఇద్దరు, సిరిసిల్ల నుంచి ఒకరు, డల్లాస్‌లో తెల్లవారుజామున లేచి మరీ ఒకరు.

రెండు గంటల తర్వాత మా బావ కిరాయి కారులో వచ్చాడు. డిక్కీలో ఒక తాటిపత్రి, ఒక మోకు, రెండు టార్చిలైట్లు, పెద్ద గిన్నె నిండా పులిహోర. తలుపు తీసి, ముందుజాగ్రత్తగా ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, మెల్లగా కాలు కింద పెట్టాడు. ఎండిపోయిన సీసీ రోడ్డు తగిలింది. అటూ ఇటూ చూశాడు.

"నీళ్లేవిరా?" అన్నాడు.

నేను బతికున్నందుకు సంతోషం ఎంత ఉందో గానీ, ఆ ముఖంలో నీళ్లు లేనందుకు అవమానమే ఎక్కువ కనబడింది. డ్రైవర్ ముందు పరువు పోయింది పాపం. కిరాయిలో సగం నేనిచ్చాను. మునగనందుకు జరిమానా అనుకోండి.

సరే, పులిహోర పెట్టుకుని అందరం టీవీ ముందు కూర్చున్నాం. అప్పుడు కనబడింది మా డ్రమ్ము.

రెండు వందల లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. మూత లేదు. పక్కన ఎర్ర పెయింటుతో మా ఇంటి నంబరు, నా చేతిరాతే, చివరి అంకె కొంచెం కారింది. తెరకు ఎడమ నుంచి వస్తుంది, కరెంటు స్తంభానికి తగులుతుంది, ఒక చుట్టు తిరుగుతుంది, మళ్లీ సాగిపోతుంది. ఏడు సెకన్లు. లెక్కపెట్టాను. లెక్కపెట్టడానికి కావలసినన్ని సార్లు వేశారు.

అయ్యా, ఆ డ్రమ్ము 2023 జూలై 27న తెల్లవారి మా గేటు దాటిపోయింది. ఇంతవరకు ఇల్లు చేరలేదు. అసలు సిసలు వరద అంటే అది. బొందివాగు పొంగి మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. సంతోషిమాత కాలనీ, ఎన్టీఆర్ నగర్, నయీంనగర్, అందరిదీ అదే గతి. కరెంటు లేదు కాబట్టి ఆ రోజు మమ్మల్ని మేము టీవీలో చూసుకునే భాగ్యం దక్కలేదు. రెండు రోజులాగి 29న పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు ఊరంతా ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంది. అప్పుడు మీరు ఎంత ఎర్రబడినా నేను ఒక్క మాట అనను. అది మీరు వెలగాల్సిన రోజే.

ఆ వానకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. అంతకుముందు రాష్ట్రంలో రికార్డు 2013లో వాజేడులో పడిన 517.5. ఆరువందల యాభై మిల్లీమీటర్లంటే ఒక మనిషికి మోకాలు దాటిన నీళ్లు, ఆకాశం నుంచి, ఒకే రోజు. ఈ లెక్క నాకు మీ దగ్గర దొరకలేదు. మీ దగ్గర దొరికింది "జలప్రళయం", "జలఖడ్గం", "వరుణుడి ఉగ్రరూపం". స్టూడియోలో గొడుగు పట్టుకుని నిలబడ్డ యాంకరమ్మ. మొన్న చినుకు పడినా అవే మూడు మాటలు. మీ డిక్షనరీలో తుంపర అన్న మాట లేదా? జల్లు? ముసురు? మా అమ్మమ్మకు వానకు ఎన్ని పేర్లు తెలుసో!

కానీ నా బాధ మాటల గురించి కాదు. డ్రమ్ము గురించి. అదేదో ఒక్కసారి జరిగిన పొరపాటైతే ఊరుకునేవాణ్ని. 2024 సెప్టెంబర్‌లో మున్నేరు పొంగితే మా డ్రమ్ము ఖమ్మంలో కొట్టుకుపోయింది. అదే వారం బుడమేరు పొంగి విజయవాడ మునిగితే అక్కడా కనబడింది. పాస్‌పోర్టు లేదు గానీ తిరగని ఊరు లేదు. 2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకు మేం నిజంగానే మళ్లీ మునిగాం. హనుమకొండ, వరంగల్ రెండూ మునిగాయి. అప్పుడైనా కొత్త నీళ్లు, కొత్త బురద, కొత్తగా పాడైన మా ఫ్రిజ్ కళ్ల ముందే ఉన్నాయి కదా. వాటిని వదిలేసి మళ్లీ ఆ పాత డ్రమ్మే! మా కొత్త కష్టం నీకు అంత తక్కువైపోయిందా?

చూశావా, మీరు అనడం కూడా మర్చిపోయాను. ఇక నువ్వనే అంటాను.

2024 ఆగస్టులో కేంద్ర సమాచార ప్రసార శాఖ ప్రైవేటు ఛానళ్లన్నిటికీ ఒక సూచన పంపింది. ప్రకృతి విపత్తులు, పెద్ద ప్రమాదాల దృశ్యాలు వేసేటప్పుడు అవి ఏ తేదీవో, ఏ సమయానివో తెర మీద వెయ్యమని. అంత పెద్ద తెర. కింద నువ్వు, నీ కింద ఇంకో స్క్రోలింగు, పక్కన బంగారం ధర, మూలన గడియారం, పైన "మా ఛానల్‌లో మాత్రమే". వీటన్నిటికీ చోటుంది. "27-07-2023" అన్న పది అక్షరాలకు లేదు. అవి ఉంటే మా అక్క బీపీ గోళీ రెండోది వేసుకునేది కాదు. బావ ప్యాంటు మడిచేవాడు కాదు.

జనం చూస్తున్నారు కాబట్టి చూపిస్తున్నాం అంటావు. రేటింగులంటావు. దేశం మొత్తం మీద యాభై వేల పైచిలుకు ఇళ్లలో మీటర్లు పెట్టి, కోట్ల ఇళ్ల ఇష్టాయిష్టాలు తేలుస్తారు. మా వాడలో ఆ మీటరున్న ఇల్లు నేనైతే చూడలేదు. పోనీ అదే నిజమనుకుందాం. 2020 అక్టోబర్‌లో రేటింగుల గోల్‌మాల్ గొడవ బయటపడ్డాక న్యూస్ ఛానళ్లకు వారం వారం రేటింగులివ్వడం ఆపేశారు. మళ్లీ 2022 మార్చిలో గానీ మొదలుకాలేదు. ఏడాదిన్నర దాకా నిన్ను కొలిచేవాడే లేడు. పరీక్ష లేదు, మార్కుల్లేవు. అప్పుడైనా నీ రంగు ఒక్క పిసరు తగ్గిందా? కాబట్టి మా మీద తోసెయ్యకు. ఎరుపు నీ ఒంట్లోనే ఉంది.

ప్రకటనల సంగతి ఎత్తను. గంటకు 12 నిమిషాలు మించకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది. వార్తలు 12 నిమిషాలని నువ్వు చదువుకున్నట్టున్నావు.

పాతకాలమంతా బంగారమని నేననను. దూరదర్శన్‌లో ఏడు గంటల వార్తల్లో సగం మంత్రులు రిబ్బన్లు కత్తిరించడమే. అయినా శాంతిస్వరూప్ గారు 1983 నవంబర్ 14న తెలుగు వార్తలు మొదలుపెట్టినప్పుడు టెలిప్రాంప్టర్ కూడా లేదు. ముందే కంఠస్థం చేసుకుని మన కళ్లలోకి చూసి చెప్పేవారు. అంత కష్టపడి గుర్తుపెట్టుకున్న మనిషి అనవసరమైన మాట ఒక్కటి వాడతాడా? నీకు గుర్తుపెట్టుకునే పని లేదు. అందుకే అన్ని మాటలు.

ఇప్పుడు అసలు సంగతి. 2023 వరద తగ్గిన నెల రోజులకు, నువ్వు మమ్మల్ని మరిచిపోయి ఇంకెక్కడో వెలుగుతున్నప్పుడు, ఒక ఛానల్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. వెంట ఒక్క కెమెరామన్. "ఎలా ఫీలవుతున్నారు" అని అడగలేదు. గోడ మీద నీళ్ల గీత ఎక్కడిదాకా ఉందో చూపించమన్నాడు. టేపు పెట్టి కొలిచాడు. తర్వాత, "ఈ నీళ్లు ఎక్కణ్నించి వచ్చినయ్ సార్, నడుద్దామా?" అన్నాడు.

నడిచాం. ఎండలో, నాలా వెంట, ముక్కు మూసుకుని. ఎగువన ఒకచోట నాలా కొలుద్దామంటే అతని టేపు చాలలేదు. మా వీధి చివరికి వచ్చేసరికి నేనూ అతనూ చెరో గట్టున నిలబడి చేతులు చాపితే వేళ్లు తగిలాయి. కెమెరా ఆ వేళ్ల మీద ఆగింది. ఇంకేం మాట్లాడలేదు. మాట్లాడే అవసరం లేదు.

అది ఒక ఆదివారం పొద్దున అరగంట కార్యక్రమంగా వచ్చింది. మా వీధిలో పెద్ద టీవీ ఉన్న ఇంట్లో అందరం చేరాం. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు ఎందుకు తవ్వించారు, ఒక చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు ఏ దారిన పోవాలి, ఆ దారిలో ఇప్పుడు ఎవరెవరి గోడలున్నాయి, అన్నీ పటం గీసి చూపించాడు. మా వెనకింటాయన ప్రహరీ నాలాలోకి జరిగిందని అందులోనే తేలింది. మా గేటు ముందు ర్యాంపు కూడా కాలువ మీదే ఉందని తేలింది, దాచడమెందుకు. ఆయన లేచిపోలేదు. నేనూ లేవలేదు. పిల్లలు కూడా రిమోట్ అడగలేదు. అయిపోయాక పక్కింటి ముసలాయన, జన్మలో టీవీని మెచ్చుకోని మనిషి, "అరే, అప్పుడే ఒడిసిందా?" అన్నాడు. వెనకింటాయన వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, అది వేరే సంగతి.

ఇలాంటివి మేము చూడం అంటావా నువ్వు?

ఆ అరగంట మళ్లీ ఎన్నడూ వెయ్యలేదు. నయీంనగర్ వంతెన 2024లో పడగొట్టి మళ్లీ కట్టారు. భద్రకాళి చెరువు నీళ్లన్నీ వదిలేసి పూడిక తీశారు. అప్పుడైనా పాత కార్యక్రమం ఒకసారి వేసి, ఏది మారింది, ఏది మారలేదు అని చూపిస్తే కళ్లు అతుక్కుపోయేలా చూసేవాళ్లం. ఆ ఏడు సెకన్లు మాత్రం మూడేళ్లుగా నడుస్తూనే ఉన్నాయి.

పోనీలే. ఇంత తిట్టాను గానీ శనివారం రాత్రి బావ వెళ్లిపోయాక నేను టీవీ కట్టెయ్యలేదు. మళ్లీ వస్తుందేమో అని చూస్తూ కూర్చున్నాను. వచ్చింది. స్తంభానికి తగిలింది, చుట్టు తిరిగింది. మా ఆవిడ వంటింట్లోంచి "మనదేనా?" అంది. "మనదే" అన్నాను. ఆ వరదలో పోయిన సామానులో మళ్లీ కంటికి కనబడేది అదొక్కటే మరి.

ఒకటే అడుగుతాను. నీ కెమెరా ఆ స్తంభం దగ్గర ఆగిపోయింది. డ్రమ్ము ఆగలేదు. నీళ్లూ ఆగలేదు. ఆ రోజు ఇంకో పది నిమిషాలు వాటి వెంట పోయి ఉంటే మా డ్రమ్ము ఏ గోడకు తట్టుకుని నిలిచిపోయిందో తెలిసేది. ఆ గోడ ఎవరిదో కూడా తెలిసేది.

ఈసారి గట్టి వాన పడితే రండి. మళ్లీ మీరే అంటున్నాను, పిలుస్తున్నాను కాబట్టి. గేటు దగ్గర కొత్త డ్రమ్ము ఉంది. అదీ నీలమే, నంబరు కూడా రాశాను. బావ మరిచిపోయిన మోకు కూడా ఇక్కడే ఉంది. డ్రమ్ము నేను వదులుతాను. మీరు వెనకాలే నడవండి.

ఇట్లు,
డ్రమ్ము యజమాని