పార్కు ఉంది, ఎక్కడో తేలాలి

మా వెంచర్‌లో పార్కు ఉంది. లేదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. నా దగ్గర బ్రోచర్ ఉంది. పచ్చటి గడ్డి, ఫౌంటెన్, రెండు బాతులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పరుగెడుతున్న ఒక దొరసాని అందులో స్పష్టంగా కనిపిస్తారు. ఇక తేలాల్సింది ఆ పార్కు ఎక్కడుందన్నదే.

పంచాయతీ లేఅవుట్ల సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది? పత్తిచేలో జేసీబీ రెండు రోజులు తిరిగితే రోడ్లు, ముగ్గు పోస్తే ప్లాట్లు, ముందర ఆర్చి కడితే 'సిటీ'. మొత్తం జాగాలో పది శాతం ఖాళీగా వదలాలని మాత్రం ఒక రూలుంది. మాది 8 ఎకరాలు, అంటే 32 గుంటలు వదలాలి. గజాల్లో చెబితే గానీ మనకు నొప్పి తెలియదు కాబట్టి, 3,872 గజాలు. 200 గజాల ప్లాట్లయితే పందొమ్మిది. అంత జాగా ఒక పెద్దమనిషి రెండు బాతులకు వదిలేస్తాడని నమ్మి అడ్వాన్సులిచ్చిన మేధావులం మేం.

2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ఊరికి సర్పంచే లేడు, స్పెషల్ ఆఫీసర్ పాలన. అప్పుడు ఎవరికీ గుర్తురాని పార్కు, 2025 డిసెంబర్‌లో ఎన్నికలనగానే రెండు వర్గాలకూ ఒకే రోజు గుర్తొచ్చింది. ఆదివారం పొద్దున్నే కొలత పెట్టారు.

టేపు ఒక కొస మాజీ సర్పంచ్ బావమరిది పట్టుకున్నాడు, రెండో కొస అవతలి వర్గం వాడు. ఎవరివైపు వాళ్లు లాగడంతో ముప్పై అడుగుల రోడ్డు ఒకసారి 28, ఒకసారి 33 వచ్చింది. హద్దురాళ్లను చూద్దామంటే, వాటిలో రెండు అప్పటికే ఒకాయన ఇంటిముందు బట్టలుతికే బండలయ్యాయి. "ఫౌంటెన్‌ని బట్టి పట్టుకుందామన్నా" అన్నాడొక కుర్రాడు. మంచి ఆలోచనే. బ్రోచర్ ప్రకారం ఫౌంటెన్ ఉండాల్సిన చోట మాజీ గారి మనిషి రెండంతస్తుల ఇల్లుంది. ఆయన నొచ్చుకుని బ్రోచర్‌ను తలకిందులు చేశాడు. ఫౌంటెన్ పోయి అవతలి వర్గం వాళ్ల సిమెంటు షెడ్డులో పడింది. మధ్యాహ్నం దాకా పార్కు ఆ ఇంట్లోకీ ఈ షెడ్డులోకీ తిరిగి తిరిగి, చాయ్ తాగాక ఇద్దరికీ ఇబ్బంది లేకుండా ట్రాన్స్‌ఫార్మర్ కింద తేలింది. వెంటనే కొబ్బరికాయ కొట్టారు. ఒక చిప్ప మాజీ, రెండో చిప్ప కాబోయే మాజీ తీసుకున్నారు. నీళ్లు మేక తాగింది. పార్కును ఇప్పటిదాకా నిజంగా వాడుకున్నది అదొక్కటే.

ఇందాకటి నుంచి నవ్వుతూనే చెబుతున్నాను. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లను డబ్బు కట్టించుకుని క్రమబద్ధీకరించే సర్కారు పథకం, ఎల్ఆర్ఎస్ దగ్గరికొచ్చేసరికి నవ్వు రావట్లేదు.

దానికోసం తెలంగాణలో 2020 ఆగస్టు 31న జీవో 131 వచ్చింది. వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకోమన్నారు. పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఏళ్లు గడిచాక, 2025 మార్చి 31లోపు కడితే 25 శాతం తగ్గింపన్నారు, ఉగాదికి బట్టల షాపు వాళ్లు చెప్పినట్టు. సరే, దేనికి కట్టాలి? మిగతా చార్జీల సంగతి అలా ఉంచండి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగా లేకపోతే, ప్లాటు కొన్నవాడు ఆ ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలి. ఆరు లక్షల ప్లాటుకు 84 వేలు. లేని పార్కుకు!

పార్కు నేనమ్ముకున్నానా? ఆ పందొమ్మిది ప్లాట్ల డబ్బు నా జేబులో పడిందా? అనుమతి లేని లేఅవుటని తెలిసీ రిజిస్ట్రేషన్ చేసిందెవరు, స్టాంపు డ్యూటీ లెక్కపెట్టి తీసుకున్నదెవరు? అప్పుడు కళ్లెక్కడ పెట్టుకున్నారు? పది శాతం మింగినవాడు కారులో తిరుగుతున్నాడు. పద్నాలుగు శాతం కోసం మా పక్క ప్లాటు ఆటో డ్రైవర్ భార్య మెడలో గొలుసు తాకట్టులో ఉంది. దీన్ని క్రమబద్ధీకరణ అంటారట. మా ఊళ్లో దీనికి వేరే మాటుంది, ఇక్కడ రాయలేను.

అన్నట్టు, నిన్న ఫేజ్-2 బ్రోచర్ ఇచ్చివెళ్లారు. ఈసారి బాతులు నాలుగయ్యాయి. దొరసాని మాత్రం ఆమే, ఇంకా పరుగెడుతూనే ఉంది.