పిల్లికి టెన్షన్ ఏంటట!

ఇప్పుడే పశువుల డాక్టర్ దగ్గర్నుంచి వచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు, మా ఆడపడుచు అడిగింది, ఏమన్నారని. "మూత్రాశయం వాచిందట, టెన్షన్ వల్ల" అన్నాను. ఇల్లంతా ఒకటే నవ్వు. "పిల్లికి టెన్షన్ ఏంటి వదినా, ఈఎంఐ కడుతోందా?"

నవ్వండి. రాత్రి నుంచి మా బుజ్జిగాడు పావుగంటకోసారి తన ఇసుక ట్రేలో కూర్చుని, ముక్కి ముక్కి, రెండు చుక్కలు పోసి లేచేవాడు. బాత్రూం తెల్ల టైల్ మీద గులాబీ రంగు చుక్కలు. చూసింది నేను, తుడిచింది నేను. "పొగరెక్కి పరుపు మీద పోస్తోంది" అని తీర్పు చెప్పింది మాత్రం వీళ్లు. మగపిల్లికి మూత్రనాళం మహా సన్నం. అది పూర్తిగా మూసుకుపోయిందంటే రక్తంలో పొటాషియం పెరిగి ఒకట్రెండు రోజుల్లో ప్రాణమే పోతుంది. వీళ్లేమో "రేపు చూద్దాంలే".

కింద మెడికల్ షాపాయన ఇంకో మేధావి. పారాసిటమాల్ అరముక్క వెయ్యమన్నాడు. పిల్లికి అది విషం స్వామీ! పైగా ఓ యాంటీబయాటిక్ కూడా చేతిలో పెట్టబోయాడు, చిల్లరకి బదులు చాక్లెట్ ఇచ్చినట్టు. పరీక్ష చేస్తే అసలు ఇన్ఫెక్షనే లేదు. స్కాన్‌లో రాయీ లేదు. వయసులో ఉన్న పిల్లులకు ఎక్కువగా ఇలాగే వస్తుందట. చుట్టాలొచ్చినా, ట్రే జరిపినా చాలట.

మా ఇంట్లో రెండూ జరిగాయి. డబుల్ బెడ్రూం ఫ్లాట్లో పదకొండు మంది. వాసనొస్తోందని వాడి ట్రేని బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కకి నెట్టారు. మెషిన్ స్పిన్‌లో దడదడలాడుతుంటే పక్కన కూర్చుని మీరు పోయగలరా?

నొప్పికి మందిచ్చారు. వారంలో తగ్గొచ్చు, మళ్లీ రావచ్చు కూడా అన్నారు. తడి తిండి పెట్టాలట, నీళ్ల గిన్నెలు అక్కడక్కడా ఉంచాలట, ఒక్క పిల్లికైనా రెండు ట్రేలట, దాక్కోవడానికో ప్రశాంతమైన మూలట. ప్రశాంతమైన మూల! ఆరేళ్లుగా నాకే దొరకలేదు.

నాలుగేళ్ల కింద నడుంలో పోటొచ్చి నేను మెలికలు తిరుగుతుంటే ఇవే గొంతులు, "ఊరికే టెన్షన్ పడకు, పడుకో" అన్నాయి. స్కాన్ తీస్తే ఆరు మిల్లీమీటర్ల రాయి. నా రాయేమో వీళ్లకి టెన్షన్, నా పిల్లి టెన్షనేమో పొగరు.

ట్రేని మళ్లీ లోపలికి తెచ్చేశాను. వాసన పడనివాళ్లు బాల్కనీలో పడుకోవచ్చు, వాషింగ్ మెషిన్ పక్కన ఇప్పుడు చోటుంది.