సైజు, క్లాసు చెబితే ఫ్లాంజ్ వస్తుంది, జాయింటు రాదు

ఫ్లాంజ్ అంటే పైపు చివర బోల్టు రంధ్రాలతో ఉండే గుండ్రటి అంచు; రెండింటిని ఎదురెదురుగా బిగిస్తే జాయింటు అవుతుంది. పైపింగ్ పనివారి మధ్య, కొనుగోలు విభాగాల్లో ఫ్లాంజ్‌ల గురించి ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: "ఫ్లాంజ్‌కు సైజు, క్లాసు చెబితే చాలు. క్లాసు 150 అంటే 150 పీఎస్ఐ. పీఎన్ 16 కూడా దాదాపు అదే, ఏది దొరికితే అది వేసుకోవచ్చు. అనుమానం ఉంటే పై క్లాసు తీసుకోండి. మిగతా వివరాలన్నీ కాగితం పని. సర్టిఫికెట్ వస్తే సరుకు మంచిదే." ఇందులో ఒక్క మాట కూడా నిలవదు. నమ్మి ఆర్డరు రాసినవారి జాయింటు దగ్గర నిలబడేది మనుషులు కాబట్టి దీన్ని ఊరికే వదిలేయడం నాకు చేతకాదు.

ముందుగా 150 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) మాట. క్లాసు అంటే ఫ్లాంజ్ ఒత్తిడి తరగతి; ఆ సంఖ్యకు యూనిట్ లేదు, అది ఒక పేరు మాత్రమే. ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో తేల్చేది లోహం, ఉష్ణోగ్రత. ఫ్లాంజ్‌లకు అమెరికా ప్రమాణమైన ఏఎస్ఎంఈ బీ16.5 పట్టికలో ఏ105 అనే రకం కార్బన్ స్టీలు క్లాసు 150 వరుస చూడండి. 38 డిగ్రీల సెల్సియస్ వరకు 19.6 బార్, అంటే 285 పీఎస్ఐ. 200 డిగ్రీల దగ్గర 13.8 బార్. 300 దగ్గర 10.2. 400కు చేరేసరికి 6.5 బార్, సుమారు 94 పీఎస్ఐ. 150 పీఎస్ఐ అంటే 10.3 బార్ కాబట్టి ఆ లెక్క నిజమయ్యేది 300 డిగ్రీల దరిదాపుల్లో మాత్రమే. చల్లని నీటి లైనుకు ఆ లెక్క వాడితే అనవసరంగా బరువైన ఫ్లాంజ్ కొంటారు. అది డబ్బు నష్టంతో పోతుంది. వేడి నూనె లైనుకు వాడితే మాత్రం తట్టుకోలేని ఫ్లాంజ్‌ను బిగిస్తారు. లోహం మారినా లెక్క మారుతుంది: అదే క్లాసు 150, 316ఎల్ స్టెయిన్‌లెస్ అయితే చల్లగా ఉన్నప్పుడే 15.9 బార్. ఖరీదైన లోహం కాబట్టి ఎక్కువ తట్టుకుంటుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

యూరప్ పద్ధతిలో ఒత్తిడి తరగతి అయిన పీఎన్ 16 మాట ఎక్కడ పుట్టిందో ఊహించగలను. ఆరు అంగుళాల క్లాసు 150 ఫ్లాంజ్‌కు ఎనిమిది బోల్టులు, ఆ రంధ్రాల కేంద్రాల మీదుగా పోయే వృత్తం వ్యాసం 241.3 మిల్లీమీటర్లు. డీఎన్ 150 (మెట్రిక్ పద్ధతిలో ఆరు అంగుళాల సైజు పేరు), పీఎన్ 16 ఫ్లాంజ్‌కూ ఎనిమిదే బోల్టులు, వృత్తం 240. తేడా 1.3 మిల్లీమీటర్లే. రంధ్రాల్లో ఉన్న కాస్త ఖాళీ ఆ తేడాను మింగేస్తుంది, బోల్టులు దిగుతాయి, నట్లు ఎక్కుతాయి, "చూశారా, సరిపోయింది" అంటారు. అదే మనిషిని నాలుగు అంగుళాల జత బిగించమనండి: రెండింటికీ ఎనిమిదే రంధ్రాలు, కానీ ఒకవైపు వృత్తం 190.5, మరోవైపు 180. బోల్టు దిగదు. మూడు అంగుళాల్లో రంధ్రాల సంఖ్యే వేరు: నాలుగు, ఎనిమిది. నాకు భయం దిగని జత గురించి కాదు, అది అక్కడే ఆగిపోతుంది. బిగుసుకుపోయిన ఆరు అంగుళాల జత గురించే భయం. 19.6 బార్‌కు సరిపోయే లైనులో ఒకవైపు 16 బార్ ఫ్లాంజ్ చేరిందని ఇక ఎవరికీ గుర్తుండదు.

పై క్లాసు తీసుకోమన్న సలహా చూడటానికి జాగ్రత్తలా ఉంటుంది. కానీ పంపు నాజిల్ (పైపు కలిపే నోరు) క్లాసు 150 అయినప్పుడు ఎదురుగా క్లాసు 300 తెచ్చి ఏం చేస్తారు? ఆరు అంగుళాల్లో దానికి పన్నెండు బోల్టులు, వృత్తమూ పెద్దది. జత కుదరదు.

ఇక "కాగితం పని" అని తీసిపారేసిన వివరాలు. వెల్డ్ నెక్ ఫ్లాంజ్‌కు (మెడ ఉండి పైపుకు వెల్డ్ చేసేది) పైపు షెడ్యూల్, అంటే గోడ మందం తరగతి, రాయకపోతే లోపలి రంధ్రం ఎంత ఉండాలో అమ్మేవాడు నిర్ణయిస్తాడు. ఆరు అంగుళాల షెడ్యూల్ 40 పైపు గోడ మందం 7.1 మిల్లీమీటర్లు, షెడ్యూల్ 80ది దాదాపు 11. ఆ తేడా వెల్డింగ్ దగ్గర లోపల మెట్టుగా నిలుస్తుంది. ముఖం సంగతి ఇంకా కీలకం: పోత ఇనుము పంపు ఫ్లాట్ ఫేస్ (ముఖమంతా చదునైన) ఫ్లాంజ్‌కు ఎదురుగా రేజ్డ్ ఫేస్ (మధ్య భాగం ఎత్తుగా ఉన్న) స్టీలు ఫ్లాంజ్ పెట్టి బోల్టులు బిగిస్తే, అంచు దగ్గర ఆధారం లేక పోత ఇనుము వంగలేక పగులుతుంది. ఇక 26 అంగుళాల నుంచి పెద్ద ఫ్లాంజ్‌లకు వర్తించే బీ16.47 ప్రమాణంలో ఏ సిరీస్, బీ సిరీస్ అని రెండున్నాయి. ఒకే సైజు, ఒకే క్లాసు, కానీ బోల్టుల అమరిక వేరు. "సైజు, క్లాసు చాలు" అనేవారు అక్కడ ఏ సిరీస్ ఇస్తారో చెప్పాలి.

చివరి మాట సర్టిఫికెట్. సర్టిఫికెట్ రకాలను నిర్వచించే యూరప్ ప్రమాణం ఈఎన్ 10204 ప్రకారం 2.2 రకం కాగితంలోని ఫలితాలు మీకు వచ్చిన సరుకువే కానక్కరలేదు. 3.1లో సరఫరా చేసిన సరుకుకే చేసిన పరీక్షల ఫలితాలు ఉంటాయి, తయారీ విభాగంతో సంబంధం లేని తనిఖీ ప్రతినిధి దాన్ని ధ్రువీకరిస్తాడు. 3.2 అయితే కొనుగోలుదారు తరఫువారో, అధికారిక తనిఖీదారో కూడా సంతకం చేయాలి. ఆర్డరులో ఏది కావాలో రాయకపోతే చేతికి ఏదో ఒకటి వస్తుంది. 3.1 వచ్చినా పని సగమే అయినట్టు. ఫ్లాంజ్ అంచు మీద నూనె తుడిచి, కొట్టిన హీట్ నంబరు (ఆ లోహం కరిగించిన విడత గుర్తు) చదవండి. కాగితంలోని నంబరుతో ఒక్క అంకె తేడా ఉన్నా ఆ కాగితం ఆ ఫ్లాంజ్‌ది కాదు. మెడ ఉన్న ఫ్లాంజ్‌ను ప్లేటు కోసి చేశారేమో కూడా అడగండి. బీ16.5 ప్లేటును పైపు చివర మూసే బ్లైండ్ ఫ్లాంజ్‌లకు, సైజు తగ్గించే, మెడ లేని కొన్ని రెడ్యూసింగ్ ఫ్లాంజ్‌లకు మాత్రమే అనుమతిస్తుంది. చేతిలో పట్టుకునే ఎక్స్-రే యంత్రంతో చూశామని సరిపెట్టుకోకండి, అది కార్బన్‌ను కొలవజాలదు. 316కు, 316ఎల్‌కు ప్రధానమైన తేడా కార్బనే. దాన్ని పట్టాలంటే కార్బన్‌ను కొలిచే స్పార్క్ పద్ధతి వంటి పరీక్ష అడగాలి, అదీ ఆర్డరు రాసేటప్పుడే.